మాత్ర ముట్టని సంఘం

“మానవజాతి రెండే రకాలు! మాత్రలు మింగేవాళ్ళు ఒక రకం. మన సంఘం వాళ్ళు ఇంకో రకం!”

పార్కులో సిమెంటు బెంచీ ఎక్కి అధ్యక్షులవారు ఇలా ప్రకటించగానే ఉదయపు నడక సంఘం చప్పట్లు మోగించింది. చెట్ల మీది పావురాలు బెదిరి లేచిపోయాయి.

అధ్యక్షులవారు టెలిఫోన్ శాఖలో పెద్ద పదవి చేసి దిగినాయన. ఉద్యోగం వదిలినా సర్క్యులర్లు జారీ చేసే అలవాటు ఆయన్ని వదల్లేదు. సంఘానికి ఆయన స్వహస్తాలతో రాసిన నియమావళిలో మూడో నియమం ఆయువుపట్టు. ఏ జబ్బుకైనా మందు వాడే వ్యక్తి సభ్యత్వానికి అనర్హుడు. వాడుతూ పట్టుబడితే తక్షణ బహిష్కరణ!

ఆ స్వహస్తాలతోనే ఆయన రోజూ బీపీకొకటి, షుగరుకొకటి, గుండెకొకటి నోట్లో వేసుకునేవారు. మాత్రలు పుదీనా బిళ్ళల డబ్బాలో ఉండేవి. ఎవరైనా చూస్తే “నోరు తాజాగా ఉండడానికి” అనేవారు. గుండెలో స్టెంటు వేయించుకోవడానికి ఆసుపత్రిలో చేరినప్పుడు ధ్యాన శిబిరానికి వెళ్ళానని సంఘానికి కబురు పెట్టారు. తిరిగొచ్చాక ధ్యానం వల్ల మనిషి ఎంత నీరసపడతాడో కళ్ళారా చూసి సభ్యులు ముగ్ధులైపోయారు.

అంతా సవ్యంగా నడుస్తుండగా ఆహ్వానం వచ్చింది. విదేశంలో నడక సంఘాల మహాసభ! ‘మందులు లేని జీవితం’ మీద అధ్యక్షులవారి ప్రసంగం! సంఘంలో ఉన్న ఎనిమిది మందీ బయల్దేరడానికి సిద్ధమయ్యారు.

బీమా ఏజెంటు పార్కుకే వచ్చాడు. ఏదీ దాచుకోలేని మనిషి. ఆ వృత్తిలో ఎలా బతుకుతున్నాడో అతనికే తెలియదు.

“పరాయి దేశంలో ఆసుపత్రి ఖర్చంటే మామూలుగా ఉండదండీ. ముందునుంచీ ఉన్న జబ్బులుంటే ఇప్పుడే చెప్పేయండి. చెబితే దానికి తగ్గ పాలసీ ఉంది. దాచిపెట్టారనుకోండి, అక్కడికెళ్ళాక అదే జబ్బు తిరగబెడితే కంపెనీ పైసా ఇవ్వదు. మరి, ఎవరికైనా ఏమైనా ఉన్నాయా?”

ఎనిమిది మందిలో ఏడుగురు ఆకాశంలోకి చూశారు.

“ఈ ప్రశ్నే మాకు అవమానం!” అన్నారు అధ్యక్షులవారు.

“ఘోర అవమానం!” అన్నాడు ఉపాధ్యక్షుడు. ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. అధ్యక్ష పదవి మీద ఎప్పట్నుంచో కన్నేసి ఉంచాడు.

“అందరికీ కాదులెండి,” అంటూ కోశాధికారి లెక్కల టీచరమ్మ బెంచీ చివరకి ఓరచూపు చూసింది.

అక్కడ మిఠాయి దుకాణం బాబాయి కూర్చున్నాడు. ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తారు. ప్రతి వాయీ తాను రుచి చూశాకే అమ్మే మనిషి. ఆ నిజాయితీ అంతా ఒంటికి పట్టింది. ఆయన కూర్చుంటే బెంచీ మీద ఇంకొకరికే చోటు.

“నాకేం లేదమ్మా, దేవుడి దయ,” అన్నాడు బాబాయి.

ఎవ్వరూ నమ్మలేదు.

ఇంటికి రాగానే అధ్యక్షులవారిని భార్య నిలదీసింది.

“బీమాకి అన్నీ చెప్పారా?”

“చెప్పాను. ఏ జబ్బూ లేదని.”

“మరి గుండెలో పెట్టించుకున్నదేమిటి, అలంకారమా? అక్కడ సభలో కుప్పకూలితే మీ నియమావళి చదివి ఊరికే వైద్యం చేస్తారా ఎవరైనా? ఈ ఇల్లు అమ్మినా చాలదు. నిజం చెప్పి పాలసీ తెండి. అంతవరకూ మీ పాస్‌పోర్టు నా బీరువాలో ఉంటుంది!”

నిజం చెబితే పదవి పోతుంది. చెప్పకపోతే ఇల్లు పోతుంది. ఇంట్లో కూర్చుంటే ప్రసంగం పోతుంది!

ఆ సాయంత్రమే మొహానికి మఫ్లరు చుట్టుకుని అధ్యక్షులవారు ఏజెంటు ఇంటి తలుపు తట్టారు. ఎండాకాలం. వీధిలో ప్రతివాడూ ఆగి మరీ చూశాడు.

“రండి సార్, మీరు కూడా…” అని ఏజెంటు ఏదో అనబోయాడు. గేటు చప్పుడైంది.

“ఎవరో వస్తున్నారు!” అధ్యక్షులవారు ఒక్క గెంతులో పక్కగదిలో దూరి తలుపు వేసుకున్నారు. లోపల చీకటి. ఆ చీకట్లో ఎవరో ఊపిరి తీస్తున్నారు!

“ఎవరది?”

“నేనేనండీ… టీచరమ్మని.”

“మీకిక్కడేం పని?”

“మీకేం పని?”

“నేను… తనిఖీకి వచ్చాను.”

“నేనూ అంతే.”

తలుపు అవతల కాంట్రాక్టరు గొంతు వినబడింది. “మా పక్కింటాయనకి షుగరు. మోకాళ్ళ నొప్పులు కూడా. పాపం.”

“ఆయన కూడా వస్తున్నారా విదేశానికి?” అన్నాడు ఏజెంటు.

“లేదు.”

“మరి?”

కాంట్రాక్టరు గొంతు తగ్గించాడు. “పక్కిల్లు ఖాళీగానే ఉందిలేవయ్యా. నాకే.”

అధ్యక్షులవారి ఆనందానికి అంతులేదు! ఇన్నాళ్ళకి దొరికాడు! ఇప్పుడే బయటికి దూకి బహిష్కరించాలి! గడియ మీద చెయ్యి వేశారు. అప్పుడు గుర్తొచ్చింది, తాను ఎక్కడినుంచి దూకబోతున్నారో.

సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను గొల్లుమంది. దాన్ని ఆపబోయి కంగారులో స్పీకరు నొక్కేశారు.

“ఏమండీ! గుండెది ఒక్కటే చెప్పి రాకండి! షుగరూ బీపీ కూడా చెప్పండి!”

ఆ గొంతు మూడు గదులకీ వినబడింది. ఏజెంటు నిట్టూర్చి తలుపు తీశాడు.

“వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా వచ్చేయండి. మిద్దె మెట్ల మీదాయన కూడా. మా ఆవిడ వంట చేసుకోవాలి.”

మొత్తం ఏడుగురు! ముందుగదిలో నిలబడి ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు.

“మూడో నియమం…” అని కాంట్రాక్టరు నసిగాడు.

“అమలు చేద్దాం! తమరితో మొదలుపెడదామా?” అన్నారు అధ్యక్షులవారు.

కాంట్రాక్టరు మళ్ళీ చెప్పులు చూసుకున్నాడు. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. టెలిఫోన్ శాఖ ముప్ఫై ఏళ్ళ అనుభవం అంతా అక్కరకొచ్చిన ఘడియ అది.

“కంపెనీకి చెప్పుకున్న జబ్బు కంపెనీ వరకే జబ్బు. సంఘం రికార్డుల్లో అది ఉత్పన్నం కానట్టే పరిగణించడమైనది. సమ్మతమేనా?”

సంఘం చరిత్రలో మొట్టమొదటి ఏకగ్రీవ తీర్మానం!

“అన్నట్టు బాబాయి రాలేదే?” అంది టీచరమ్మ.

“అంత ఒళ్ళు పెట్టుకుని ఏమీ లేదంటాడా!” కాంట్రాక్టరు మండిపడ్డాడు. “ఛ! మనిషన్నాక కాస్తయినా నిజాయితీ ఉండక్కర్లా?”

కంపెనీకి కూడా అదే అనుమానం వచ్చింది. ఏడుగురికి ఇన్నేసి జబ్బులుంటే ఎనిమిదో ఆయనకి ఒక్కటీ లేకపోవడమేమిటి? ఆయనకి పరీక్షలన్నీ చేయిస్తే తప్ప బృందం మొత్తానికీ పాలసీ ఇవ్వనంది. అధ్యక్షులవారు బాబాయికి తాఖీదు పంపారు. ఆయన పాపం దుకాణం మూసి, పరగడుపున వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాడు.

ఫలితాలు పట్టుకుని ఏజెంటు పార్కుకి పరుగున వచ్చాడు.

“శుభవార్త! బీపీ లేదు, షుగరు లేదు! గుండె పాతికేళ్ళ కుర్రాడి గుండెట! మీ ఏడుగురి జబ్బులకీ ఈయన ఆరోగ్యానికీ కలిపి పాలసీ వచ్చేసింది!” అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. “ఒక్క ముక్క సార్. మీ మూడో నియమం చదివాను. దాని ప్రకారం ఈ సంఘంలో అర్హుడు బాబాయిగారొక్కరే. అంటే అధ్యక్షుడు కూడా ఆయనే అవ్వాలి కదా?”

అధ్యక్షులవారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ప్రసంగం, పదవి, విమానం అన్నీ బాబాయి నోటి దగ్గర ఆగిపోయాయి.

బాబాయి మాత్రం తల వంచుకుని ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు.

“మీ ఏడుగురికీ ఉన్నాయని ఏజెంటు పరీక్షల రోజే చెప్పాడు,” అన్నాడు నెమ్మదిగా. “ఇంత పెద్దవాళ్ళకి, మీ అందరికీ ఉండి, నాకొక్కడికేనా లేనిది? సరిగ్గా చూడండి, ఎక్కడో ఒకటి ఉండకపోదని డాక్టరుగారిని బతిమాలాను. లేదు పొమ్మన్నారు. ఏ మొహం పెట్టుకుని రాను మీతో?”

అధ్యక్షులవారికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వెళ్ళి బాబాయి విశాలమైన భుజం మీద చెయ్యి వేశారు.

“ఛ ఛ, చిన్నపిల్లాడిలా ఏమిటిది? నువ్వు సంఘంలో చేరి ఏడాదైనా కాలేదు. మాకు మాత్రం చేరిన రోజే వచ్చాయా? దిగులు పడక మాతో పాటు క్రమం తప్పకుండా నడు బాబాయ్. అవే వస్తాయి!”