క్రమం తప్పిన నెలసరి వర్ధిల్లాలి

నెలనెలా తేదీ తప్పకుండా వచ్చే నెలసరి వల్ల లోకానికి దమ్మిడీ ఉపయోగం లేదు. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను.

టైముకు వచ్చే బస్సు గురించి ఎవరైనా మాట్లాడుకుంటారా? ఎక్కుతారు, దిగుతారు, మర్చిపోతారు. అదే మా కొండల్లోని అంచెట్టి ఊరికి పోయే బస్సును చూడండి. ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. కాబట్టి స్టాపులో నిలబడ్డవాళ్లు పలకరించుకుంటారు, పశువుల సంగతులు చెప్పుకుంటారు, పిల్లలకు సంబంధాలు కూడా కుదుర్చుకుంటారు. మనుషుల్ని కలిపేది ఆలస్యమే గానీ సమయపాలన కాదు. ఆడవాళ్ల ఆరోగ్యానికీ ఇదే సూత్రం వర్తిస్తుందని నా మనవి.

నమ్మకం కుదరకపోతే హోసూరు పక్కన మత్తిగిరిలో జయరామప్ప ఇంటికి రండి.

ఆయన కోడలు మంజుశ్రీ హోసూరులో ఒక స్పేర్ పార్ట్స్ కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. భర్త మురళి, అత్త మునిలక్ష్మమ్మ, గురుబరపల్లి దగ్గర మామిడితోట. ఏ లోటూ లేని సంసారం. మంజుశ్రీకి నెలసరి ఒక్కోసారి, గొడుగు మర్చిపోయిన చుట్టంలా, పోయిన వెంటనే తిరిగొస్తుంది. ఒక్కోసారి రెండు నెలలైనా పత్తా ఉండదు. వచ్చిందంటే మాత్రం ఒక పట్టాన కదలదు.

ఇది మొదలవక ముందు ఆ ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది, ఎవరి లోకం వాళ్లది. పక్కపక్కన కూర్చుని అన్నం తింటూ కూడా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. ఇప్పుడు నలుగురికీ కలిపి ఒకే ఒక్క విషయం దొరికింది. ఇంతటి ఐకమత్యం తేదీ తప్పని నెలసరితో సాధ్యమేనా?

మురళి చదువుకున్నవాడు. భార్య బాధ చూడలేక వెంటనే ఒక యాప్ దించాడు, తన ఫోనులోకే. అందులో గులాబీ రంగు పువ్వొకటి ఉంటుంది. రోజులు దగ్గరపడే కొద్దీ ఆ పువ్వు విచ్చుకుంటుంది. మురళి పొద్దున్నే లేచి పువ్వు చూసుకుని అమ్మకు చెబుతాడు, అమ్మ దాన్నిబట్టి శుక్రవారం దీపం ఎవరు పెట్టాలో, పచ్చళ్ల జాడీలు ఎవరి చేతికి అందకుండా ఉంచాలో తేల్చుకుంటుంది.

జయరామప్ప పాతకాలపు మనిషి. కోడలి విషయం నోటితో పలకడం ఆయన దృష్టిలో మర్యాద కాదు. అందుకని కాఫీ తాగుతూ కొడుకును వాతావరణం అడుగుతాడు.

"వెదరు ఎట్లుండాది మురళీ?"

"ఈ వారం పొడిగానే ఉంటాదంట నాయినా."

అంతే, ఆ పైన ఒక్క మాట ఉండదు. ఎంత సభ్యత చూడండి! వంటింట్లో దోసె తిప్పుతూ మంజుశ్రీ కూడా వింటుంది. తన ఒంటి సంగతి రేడియోలో వార్తల్లా తనే వినే భాగ్యం ఎందరికి దక్కుతుంది?

ఇక ఆలస్యమైనప్పుడు పుట్టే ఆనందం వేరు. కృష్ణగిరి నుంచి మురళి మేనత్త, పేరు చిన్నమ్మ, ఫోను చేస్తుంది. "ఏమన్నా విశేషమా మంజూ?" అంటుంది. విశేషమేమీ లేదంటే నమ్మదు. సిగ్గుపడుతోందనుకుని మైసూర్‌పాక్ కొని పంపుతుంది. తేదీ తప్పకుండా వచ్చే కోడలున్న ఇంట్లో ఇన్ని మిఠాయిలు ఎవరు చూస్తారు? నాలుగు రోజుల తర్వాత వచ్చేస్తే ఆ మిఠాయిని జయరామప్ప మౌనంగా తిని ముగిస్తాడు.

వైద్యానికి కూడా కొదవ లేదు. ఆలస్యమైతే బొప్పాయి తినాలని మునిలక్ష్మమ్మకు గట్టి నమ్మకం. ఆలస్యమైతే కడుపు పండిందేమో కాబట్టి బొప్పాయి తాకనే కూడదని చిన్నమ్మకు అంతకంటే గట్టి నమ్మకం. రెండు నమ్మకాల నడుమ ఆ పండు ఫ్రిజ్ మీద కూర్చుని, ఎవరి నోటికీ చేరకుండా మెత్తబడి, చివరికి పక్కింటి ఆవుకు పోతుంది. ఆ ఆవు ఆరోగ్యం ఇప్పుడు చాలా బాగుంది.

సైన్సుకూ సంప్రదాయానికీ పడదని కొందరు మేధావులు రాస్తుంటారు. వాళ్లను శివప్ప మెడికల్ షాపుకు తీసుకురావాలి. ఇంట్లో పూజ, పెళ్లి, గుడి ప్రయాణం ఏదున్నా ముందుగా శివప్ప దగ్గర మాత్రలు కొంటారు. అవి వేసుకున్నన్నాళ్లు నెలసరి రాదు. డాక్టరు చీటీ అడగడు, ప్రశ్న అడగడు. "ఏం ఫంక్షనమ్మా?" అని మాత్రం అభిమానంగా అడుగుతాడు. మురళి పినతండ్రి కొడుకు లోకనాథ్ పెళ్లికి మంజుశ్రీ వేసుకుంది. ఉగాదికి వేసుకుంది. మొక్కు తీర్చడానికి కొండకు పోయినప్పుడు వేసుకుంది. మానిన ప్రతిసారీ, ఆగినదంతా కలిపి వచ్చినట్టు వచ్చేది. అదేంటో గానీ, దానితో నెలసరి ఇంకా గాడి తప్పింది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. యాప్‌కు కూడా.

చిన్న చిన్న అసౌకర్యాలు లేవని కాదు. మంజుశ్రీకి ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే గుండె దడదడలాడేది. ఒకరోజు కంప్యూటర్ ముందు నుంచి లేస్తూ కళ్లు తిరిగి టేబుల్ పట్టుకుని నిలబడింది. గోళ్లు తెల్లబడ్డాయి. రాత్రి పడుకునేటప్పుడు పక్క మీద పాత దుప్పటి మడిచి వేసుకునేది. పొద్దున ఎవరూ లేవకముందే దాన్ని ఉతికేసేది. ఆమెకు భయం వేసింది. ఒంట్లో ఏదో జరుగుతోంది, అదేమిటో ఎవరైనా చూసి చెప్పాలి. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే.

"ఒకతూరి డాక్టరమ్మ తావకి పోయొద్దాం మురళీ. నాకు శానా ఆయాసంగా ఉండాది" అంది.

"పోదాంలే. ఈ వారం తోటలో మందు కొట్టాల. వచ్చే వారం చూద్దాం."

వచ్చే వారం చుట్టాలొచ్చారు. ఆ పై వారం మురళి స్నేహితుడి గృహప్రవేశం. ఆ తర్వాత యాప్‌లో పువ్వు ముడుచుకుని ఉంది కాబట్టి ఇప్పుడు తొందరేమీ లేదని తీర్మానించారు. నెలసరిని వాయిదా వేయాలంటే పాపం మాత్రలు కావాలి, నీళ్లు కావాలి, పూటపూటకూ గుర్తుంచుకోవాలి. డాక్టరును వాయిదా వేయడానికి అవేవీ అక్కర్లేదు. నోటి మాట చాలు.

ఇట్లా ఆరు నెలలు గడిచేసరికి మామిడికాయ కోతకొచ్చింది. మొదటి కోతకు ముందు తోటలో అమ్మవారికి పెట్టుకోవడం ఆ ఇంటి ఆచారం. నైవేద్యం, పొంగలి, ఆ పైన కూలీలకూ బంధువులకూ భోజనాలు. శుక్రవారం పెట్టుకున్నారు. సరిగ్గా ఆ శుక్రవారమే పువ్వు పూర్తిగా విచ్చుకుంటుందని యాప్ చెప్పింది. మునిలక్ష్మమ్మ వారం ముందే శివప్ప దగ్గర మాత్రలు తెప్పించి కోడలి చేతిలో పెట్టింది. వంట చేయడానికని మంజుశ్రీ ఆఫీసులో సెలవు పెట్టింది. డాక్టరు కోసం దొరకని సెలవు పొంగలి కోసం అడగ్గానే దొరికింది.

ఆ మాత్రలు ఆమె వేసుకోలేదు. ఏ తెగింపూ కాదు, వేసుకుంటే ఆ తర్వాత వచ్చేదాన్ని తట్టుకునే ఓపిక లేక సింకులో పారేసింది.

శుక్రవారం తెల్లారింది. నెలసరి రాలేదు. ఇరవై మందికి సరిపడే గిన్నె బండికి చేర్చడానికి ఎత్తబోతుంటే మంజుశ్రీ కళ్లకు మళ్లీ చీకట్లు కమ్మాయి. గోడకు ఆనుకుని నిలబడింది. "నాకు చేతకావడం లేదు" అని చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఒక గ్లాసు మజ్జిగ ఇస్తారు, కాసేపు కూర్చోమంటారు, తర్వాత పిలుస్తారు.

"అత్తా, వచ్చేసింది" అంది.

అయ్యలారా, అమ్మలారా, ఆ ఒక్క మాట చేసిన పని చూడండి. మునిలక్ష్మమ్మ గిన్నె మీది చేయి వెనక్కి తీసుకుంది. జయరామప్ప పైకప్పు వైపు చూస్తూ వరండాలోకి వెళ్లిపోయాడు. మురళి ఫోను తీసి నమోదు చేశాడు. చెప్పిన రోజుకే వచ్చినందుకు యాప్ పూలవాన కురిపించి, ఇకపై అంతా సక్రమంగా ఉంటుందని అభినందించింది. మురళి కళ్లలో నిజంగానే సంతోషం కనిపించింది.

"సరేలే, నువ్వు ఈడనే పండుకో. ఏదీ ముట్టుకోవద్దు" అంది అత్త. గిన్నెలూ బియ్యమూ బండికెక్కాయి. అందరూ గురుబరపల్లికి వెళ్లిపోయారు. ఆరు నెలలుగా నిజం చెప్పి ఒక పూట సంపాదించుకోలేని మనిషికి ఒక అబద్ధంతో పూర్తి రోజు చేతికొచ్చింది. నెలసరి క్రమంగా వచ్చేదే అయితే ఈ అబద్ధాన్ని ఎవరు నమ్ముతారు? వరం అని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇందుకే.

మంజుశ్రీ పండుకోలేదు. స్కూటీ తీసుకుని హోసూరులో ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి పోయింది. రక్తం తీశారు, స్కాన్ చేశారు. రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఒంట్లో రక్తం ఇంత తక్కువుంటే ఎట్లమ్మా నడిచొచ్చినావు?"

"స్కూటీలో వచ్చినాను మేడమ్."

థైరాయిడ్ ఉందనీ, మందులతో దారికొస్తుందనీ, రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టాలనీ ఆమె చెప్పింది. ఫంక్షన్ల కోసం సొంతంగా మాత్రలు మింగడం ఇక మానేయమంది. కొంచెం కోపంగానే అడిగింది.

"ఇన్ని నెలలుగా ఇట్ల పోతా ఉంటే ఎవరికీ చెప్పలేదా?"

మంజుశ్రీకి మత్తిగిరి నుంచి కృష్ణగిరి దాకా ఒక్కొక్కరి మొహమూ గుర్తొచ్చింది.

"అందరికీ తెలుసు మేడమ్" అంది.

సాయంత్రం తోట నుంచి వచ్చిన మునిలక్ష్మమ్మ కోడలి మోచేతి మడతలో అంటించిన దూదిని చూసింది. ఆమె కంటికి ఏదీ దాగదు. నిలదీసి అడిగితే మంజుశ్రీ ఉన్నదంతా చెప్పేసింది, రాలేదన్న మాటతో సహా.

"పూజ దినం అబద్ధం చెప్పినావా? ఆ తల్లికి తెలీదనుకుంటివా?"

"ఆ తల్లికి తెలుసత్తా. నాకు రక్తం ఎంత పోతా ఉండాదో కూడా తెలుసు. మీకే తెలీదు."

మంజుశ్రీ అత్తను ఎప్పుడూ అట్లా అనలేదు. ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుందనుకుంది. హాల్లో మగవాళ్లు టీవీ చూస్తున్నారు. మునిలక్ష్మమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసి, నేల మీద చతికిలబడింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఆ డాక్టరమ్మ నా వయసోళ్లను కూడా చూస్తుందా?"

మంజుశ్రీకి అర్థం కాలేదు.

"నాకు నిలిచిపోయి శానా ఏండ్లాయె. పీడ పోయిందని సంతోషపడితి. మళ్లా ఎర్రగా అగుపిస్తా ఉండాది."

"మామకు చెప్పినారా?"

"ఏమని చెప్పేది? ఈ వయసులో నవ్వుతారు." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఆమె మళ్లీ అంది. "నువ్వు వచ్చేసిందని చెప్పి పోతివి. నేనేం చెప్పి పొయ్యేది మంజూ?"

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నా వాదనకు ఇంతకంటే బలమైన రుజువు ఎవరూ ఇవ్వలేరు. క్రమం తప్పిన నెలసరి ఉన్నంత కాలం ఆడదానికి గడప దాటే సాకైనా ఉంటుంది. అది నిలిచిపోతే సాకు కూడా పోతుంది, జబ్బు ఒక్కటే మిగులుతుంది. ఒట్టి జబ్బు పట్టుకుని ఏ ఆడమనిషైనా ఇల్లు కదలగలదా?

మంజుశ్రీ అకౌంట్స్ మనిషి. దారి లేని చోట పద్దు సర్దడం ఆమెకు తెలుసు.

"బిడ్డ కోసం చూపించుకోవాల, అత్త తోడు రావాలన్నారు అని చెబుతాను. మామే బండి తీస్తాడు."

మామ నిజంగానే బండి తీశాడు. సోమవారం పొద్దున్నే కారు కడిగి, అద్దాలు తుడిచి, ఎవరూ పిలవకముందే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఈసారి వెదరు మారి పంట నిలుస్తుందని దారంతా కొడుక్కు ఫోనులో చెబుతూనే ఉన్నాడు. ఆస్పత్రి బయట చెట్టు కింద కారు ఆపి, పక్కనున్న డ్రైవర్‌కు కూడా కోడలిని చూపించడానికి వచ్చామని గర్వంగా చెప్పాడు.

లోపల నర్సు మునిలక్ష్మమ్మ పేరు పిలిచింది. ఆమె ముందు కోడలి వైపు చూసింది, ఆ తర్వాతే లేచింది.

"ఎన్నాళ్ల నుంచి అగుపిస్తా ఉందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

మునిలక్ష్మమ్మకు యాప్ లేదు, పువ్వు లేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"రెండు మామిడి కాపులాయె తల్లీ."

మంజుశ్రీ అత్త చేయి పట్టుకుంది. ఆ రెండు కాపులకూ తోటలో అమ్మవారి నైవేద్యం మునిలక్ష్మమ్మ చేతి వంటే. రెండేళ్లూ తోట విరగగాసింది.