ఎదురు తిరిగిన వెలుతురు

ఆ రోజు పెందలాడే లాబొరేటరీకి వెళ్లి, ఎవరూ రాకముందే తన పని ముగించుకోవాలనుకున్నాడు పెద్దల్లుడు. సాక్సు తొడుక్కుంటుండగా భార్య వచ్చింది.

"ఇవాళ మా చెల్లెలి ఆయన ప్రయోగం చూడ్డానికి నాన్నగారొస్తున్నారట. డైరెక్టరుగారు కూడానట. మీరూ అక్కడే ఉంటారుగా, నాన్నగారికి కాస్త కుర్చీ వేయించండి."

కుర్చీ! ఇన్నేళ్ల సర్వీసుకి దక్కిన మర్యాద అది. తోడల్లుడు అదే లాబొరేటరీలో నిన్నగాక మొన్న చేరాడు. అప్పుడే మామగారి నోట చిన్నల్లుడి మాట తప్ప మరో మాట లేదు. పెద్దల్లుడు సాక్సు రెండూ ఒకే కాలికి తొడిగేశాడు.

చిన్నల్లుడి ప్రయోగం చూడ్డానికి చిన్నదే. ఒకే దిశలో ఊగే కాంతిని స్ఫటికంలోకి పంపుతారు. స్ఫటికంలో కరెంటు పారుతుంటే, బయటికొచ్చేసరికి ఆ ఊపు కాస్త పక్కకి తిరుగుతుంది. ఎంత తిరిగిందో మీటరు ముల్లు చెబుతుంది. డైరెక్టరుగారు మాత్రం, "కరెంటుకి స్ఫటికం వేడెక్కుతుందయ్యా, ఇదంతా ఆ వేడి మహిమేమో!" అని పెదవి విరుస్తున్నారు.

పెద్దల్లుడు వెళ్లేసరికి ప్రయోగం జరిగే చీకటి గదిలో ఎవరూ లేరు. స్ఫటికానికి అటు ఎర్ర తీగ, ఇటు నల్ల తీగ. చెయ్యి ఊరుకుంటేనా! అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. నలుగురిలో తోడల్లుడు కాస్త కంగారు పడితే ఏం పోయిందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇంతలో బయట అడుగుల చప్పుడైంది. గబుక్కున నల్ల తెర వెనక్కి దూరాడు.

"ముల్లు కుడివైపుకి వెళ్తుంది, చూడండి మామయ్యగారూ" అంటూ చిన్నల్లుడు స్విచ్చి వేశాడు.

ముల్లు ఎడమవైపుకి వెళ్లింది.

"అదేంటి!" చిన్నల్లుడు మీటరుని వేలితో తట్టి చూశాడు.

"నాకు ఎడమలా కనిపిస్తోంది బాబూ. కళ్లజోడు మార్పించుకోవాలేమో" అన్నారు మామగారు.

తెర వెనక పెద్దల్లుడికి నవ్వు ఆగలేదు. ఆపుకోబోయి తెరని పట్టుకున్నాడు. అది కడ్డీతో సహా ఊడి, అతనితో కలిసి నేల మీద పడింది.

"అన్నయ్యా! మీరా? ఈ తీగలు మీరే మార్చారా?"

అబద్ధమాడదామంటే ఒక్కటీ తట్టలేదు. "నేనే. కుళ్లు ఆపుకోలేక మార్చాను."

ఆ మాట డైరెక్టరుగారి చెవిన పడనేలేదు. "ఆగండాగండి! వేడి వల్లయితే తీగలు ఎటు మార్చినా ముల్లు ఒకవైపుకే పోవాలి. కరెంటుతో పాటు ఇదీ దిక్కు మార్చిందంటే, ఇది కరెంటు పనే! ఇంత చిన్న పరీక్ష మనకెవరికీ తట్టలేదే!"

"కాదండీ, నిజంగా కుళ్లుతోనే..."

"చూశారా, గొప్పలు చెప్పుకోవడం చేతకాదు మా పెద్దల్లుడికి!" మామగారి కళ్లు చెమర్చాయి. పరిశోధన పత్రంలో పెద్దల్లుడి పేరే ముందు వేయమని డైరెక్టరుగారు అక్కడికక్కడే ఆర్డరేశారు. చిన్నల్లుడు చప్పట్లయితే కొట్టాడు కానీ, చప్పుడు రాలేదు.

సాయంత్రం భోజనం వడ్డిస్తూ భార్య దిగులుగా అంది. "చెల్లి ఫోన్ చేసిందండీ. పేరు రెండోదైపోయిందని మరిదిగారు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నారట."

"అయ్యో పాపం" అని, పెద్దల్లుడు మారు అడిగి మరీ వేయించుకున్నాడు.