నల్ల కారు, తడి ధాన్యం

ఆ రోజుకి ఎల్లాజీ వేసుకున్న పథకం చాలా తేలికైనది. ఏడింటికి బూత్‌లో హీటరు వేసి లోపలి చెమ్మ ఆరబెట్టాలి. పదింటికి కారు లోపల పెట్టాలి. పన్నెండుకల్లా నల్లరంగు, ఒంటిగంటకల్లా దాని మీద మెరుపు పూత, రెండింటికల్లా అరవై డిగ్రీల వేడిలో ఆరడం కూడా అయిపోవాలి. నాలుగింటికి విజయనగరం నుంచి కార్ల కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, సంతకం పెట్టాలి. ఇందులో నోరు విప్పాల్సిన పని ఎక్కడా లేదు. అందుకే ఆ పథకం ఎల్లాజీకి బాగా నచ్చింది.

గజపతినగరంలో ముప్పై ఏళ్లుగా అతను బళ్లకు రంగులు వేస్తున్నాడు. అంతా టార్పాలిన్ కిందే, రోడ్డు పక్కనే. లారీ వెళితే దుమ్ము లేచి రంగు మీద వాలేది. ఈగ వాలితే అక్కడే ప్రాణం వదిలేది. ఇంత కాలానికి షెడ్డు వెనక బూత్ అనే గది ఒకటి కట్టించాడు. పైకప్పులోంచి వడకట్టిన గాలి దిగుతుంది. వెనక గోడకున్న పెద్ద ఫ్యాను ఆ గాలినీ రంగు పొగనూ పెరట్లోకి తోసేస్తుంది. పూత అయ్యాక హీటరు పెంచితే గదంతా వేడెక్కి రంగు ఆరుతుంది. ఈ బూత్‌ని కంపెనీ ఒప్పుకుంటే, ఎక్కడెక్కడో గుద్దుకుని సొట్టలు పడ్డ కార్లన్నీ నెలనెలా ఎల్లాజీ దగ్గరికే వస్తాయి. ఒప్పుకోకపోతే మళ్లీ టార్పాలిన్, మళ్లీ ఈగలు. పరీక్షకని కంపెనీ వాళ్లు ఏరి కోరి ఒక నల్ల కారును పంపించారు. తెల్ల కారు తప్పులు దాచుకుంటుంది. నల్ల కారు నలుగురికీ చెబుతుంది.

ఆ వారమంతా తుఫాను వాన. ముందు రోజు సాయంత్రం తెరిపిచ్చింది గాని ఎండ మాత్రం మొహం చూపించలేదు. నూర్చిన ధాన్యం రోడ్డు పొడుగునా బరకాల కింద కుప్పలుగా ముక్కిపోతోంది. కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మిషను పదిహేడు దాటి చూపిస్తే ధాన్యం తీసుకోరు. ఎవరిది చూసినా ఇరవై, ఇరవై ఒకటి.

ఏడున్నరకి ఎల్లాజీ బావమరిది సోములు వచ్చాడు. ఎల్లాజీ భార్య జగ్గమ్మకి సొంత తమ్ముడు. అక్క చేతి టీ తాగి, తన ముప్పై బస్తాల గురించి ఏడవడానికి వచ్చాడు. బయట చలిగా ఉందని బూత్‌లోకి వెళ్లి ఎల్లాజీ పక్కన కూర్చుని ఏడవడం మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో భుజం మీది తడి తువ్వాలు ఆరిపోయింది. సోములు ఏడుపు మధ్యలో ఆగిపోయింది. తువ్వాలు తడిమి చూసుకున్నాడు. లేచి హీటరు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"బావా, ఇందులో ఓ గంపడు ధాన్యం ఎండేసుకుంటే ఏటవుతాది?"

ఎల్లాజీ మాట్లాడలేదు. ఎల్లాజీ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనని జగ్గమ్మ తరఫు బంధువుల్లో మొదటినుంచీ ఒక అభిప్రాయం ఉంది. వాళ్ల పెళ్లి కుదిరింది కూడా అలాగే.

సోములు గంపతో వచ్చేసరికి ఎల్లాజీ వేడిని నలభైకి తగ్గించి ఉంచాడు. ఎక్కువైతే మిల్లులో గింజ నూకైపోతుంది. ధాన్యాన్ని బరకం మీద పలుచగా పరిచారు. గంటన్నర పోయాక సోములు దాన్ని కొనుగోలు కేంద్రానికి పట్టుకెళ్లాడు. అక్కడి అమ్మాయి మిషను పెట్టి చూసి, మిషను పాడైందేమోనని తట్టి, మళ్లీ చూసింది. పదహారున్నర.

సోములు ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. పెళ్లాం అమ్మడికి మాత్రం ఫోన్లో చెప్పాడు. అమ్మడికి చెప్పాక ఇంకెవరికీ చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఈలోగా ఎల్లాజీ బూత్‌ని ఒక్క గింజ లేకుండా ఊడ్చి, నేలంతా నీళ్లు కొట్టి కడిగి, అద్దాలకూ లైట్లకూ కాగితాలు అంటించిన కారును లోపలికి తోయించాడు. తలుపు వేసుకోబోతూ పెరటి వైపు చూశాడు. పదకొండు ట్రాక్టర్లు, రెండు ఆటోలు, వాటి నిండా బస్తాలు. చివర ఒక ముసలమ్మ వడియాల పళ్లెంతో నిలబడి ఉంది. జగ్గమ్మ అట్టముక్కలు చింపి, వాటి మీద నంబర్లు రాసి అందరికీ పంచుతోంది. ఎల్లాజీ భార్యను పిలిచి, ఒకే మాట అన్నాడు.

"కారు."

"తెలుసు," అంది జగ్గమ్మ. "నాలుగింటి దాకా ఒక్క గింజ లోపలికి రాదు. అందరి కాడా ఒట్టేయించుకున్నాను. మా కన్నోరి ఊరోళ్లు రోడ్డు మీద నానిపోతన్నారు, పెరట్లో కూడా నిలబడొద్దంటానా?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఎల్లాజీ మూతికి మాస్కు కట్టుకుని, తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. నల్లరంగు కాటుక దిద్దినట్టు కుదిరింది. అది కాస్త ఆరాక గన్నులో మెరుపు పూత పోసుకుని చెయ్యెత్తాడు. కరెంటు పోయింది.

పూత మధ్యలో తలుపు తెరిస్తే దుమ్ము వస్తుంది. అందుకని ఎల్లాజీ చీకట్లో, గన్ను చేత్తో పట్టుకుని, అలాగే నిలబడ్డాడు. అరగంట నిలబడ్డాడు.

పెరట్లో జరిగింది అతనికి తరవాత తెలిసింది. పొద్దుటి నుంచీ ఫ్యాను రంగు వాసనంతా బస్తాల మీదికే కొడుతోంది. ఒకావిడ గుప్పెడు ధాన్యం తీసి వాసన చూసి, కొనుగోలు కేంద్రం వాళ్లు దీన్ని తీసుకోరు, ఇంటికి తీసుకుపోతే అన్నం కూడా ఇదే వాసనొస్తుంది అని తేల్చేసింది. గుంపులో జగన్నాధం ఉన్నాడు. పొలం మోటార్లు బాగుచేస్తాడు. త్రీఫేజు మోటారుకి రెండు వైర్లు అటుదిటు మారిస్తే ఎదురు తిరుగుతుందని ఆ చుట్టుపక్కల ఏ రైతుకైనా తెలుసు. జగన్నాధానికి అది నిద్రలో కూడా తెలుసు. అయినా పెద్దమనిషి కాబట్టి చెప్పకుండా చేయలేదు. వెళ్లి బూత్ తలుపు తట్టాడు.

"ఎల్లాజీ మావా, ఫ్యాను గాలి మా మీదకి కొడతన్నాది. అటేపు తిప్పీమంటావా?"

లోపల ఎల్లాజీ మాస్కులో ఉన్నాడు. ఏమీ అనలేదు.

"తిప్పీమన్నాడు," అని జగన్నాధం అందరికీ చెప్పి, కరెంటు లేనప్పుడే పని సులువని రెండు వైర్లూ మార్చేశాడు. ఆడవాళ్లకి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. నంబరు వచ్చే లోపల తాలు అయినా పోతుందని ఇంట్లోంచి చేటలు అడిగి తెచ్చుకుని, సరిగ్గా ఫ్యాను ఎదురుగా నిలబడి ధాన్యం చెరగడం మొదలుపెట్టారు.

కరెంటు వచ్చింది. ఎల్లాజీ మెరుపు పూత మొదలుపెట్టాడు. పొగ వెనక్కి పోకుండా మొహం మీదికే వస్తుంటే ఓల్టేజీ తక్కువగా ఉందనుకున్నాడు. రెండో వరస కూడా ముగించి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. బానెట్ మీద ఒక తాలు గింజ. దాన్ని ఎలా తియ్యాలా అని ఆలోచిస్తుండగా దాని పక్కన మరో పది. ఆ తరవాత లెక్క లేదు. ఫ్యాను కన్నంలోంచి తాలూ పొట్టూ అక్షింతల్లాగా వచ్చి తడి పూత మీద పడ్డాయి, పడ్డవి పడ్డట్టే అంటుకున్నాయి. నిమిషంలో ఆ నల్ల కారు కోతకొచ్చిన చేనులా తయారైంది.

ఎల్లాజీ తలుపు తెరిచాడు. పెరట్లో నలభై మందీ మొదట అతన్ని చూశారు, తరవాత అతని వెనక కారును చూశారు. చేటలు కిందికి దిగాయి. ఎల్లాజీ మాట్లాడకపోవడం అందరికీ అలవాటే గాని, ఈసారి ఆ మౌనం ఒప్పుకున్నట్టు ఎవరికీ అనిపించలేదు. జగన్నాధం పానా జేబులో దాచుకున్నాడు.

"బావా, ఓ తిట్టయినా తిట్టీ," అన్నాడు సోములు నెమ్మదిగా. "నువ్విలగుంటే మాకు బయమేత్తాది."

ఎల్లాజీ గోడ గడియారం వైపు చూశాడు. ఒంటిగంటకి పది నిమిషాలు. అప్పుడతను మాట్లాడాడు. పెళ్లైన దగ్గర్నుంచీ అంత పెద్ద మాట తను వినలేదని జగ్గమ్మ ఇప్పటికీ చెబుతుంది.

"అరగంట వేడెక్కితే ఇదంతా గట్టిపడతాది. అప్పుడు తాలంతా వాటర్ పేపరుతో రుద్ది తియ్యాల. మళ్లీ పూత, మళ్లీ వేడి. నానొక్కన్నీ రుద్దితే రేప్పొద్దున్నవుతాది."

సాయం చెయ్యమని అడగలేదు. హీటరు పెంచి, నీళ్లలో తడిపి రుద్దే ఆ గరుకు కాగితాల కట్ట తెచ్చి బకెట్టు పక్కన పెట్టాడు. ఆ కట్ట ఎవరు విప్పారో తెలియదు, అరగంట పోయాక కారును షెడ్డులోకి తోసేసరికి అందరి చేతుల్లోనూ తలో ముక్క ఉంది. జగన్నాధం ఎవరూ చెప్పకుండానే వెళ్లి వైర్లు మళ్లీ మార్చి, ఫ్యాను ఎటు తిరుగుతోందో తువ్వాలు పట్టుకుని మూడుసార్లు చూసుకున్నాడు. కొందరు మగవాళ్లు బరకాలు ఎత్తి పట్టుకుని షెడ్డు చుట్టూ గోడలా నిలబడ్డారు. ఇంకొందరు పెరడంతా నీళ్లు చల్లారు. చేటలన్నీ వీధి అవతలికి పోయాయి.

ఆడవాళ్లు కారు మీద వంగారు. బియ్యంలో రాళ్లు ఏరే కళ్లు అవి. తాలు ముక్కలు సరే, ఎల్లాజీకి కనిపించని నలుసులు కూడా గోరుతో చూపించి మరీ రుద్దారు. బానెట్ జగ్గమ్మది, వెనక డిక్కీ ఆ ముసలమ్మది. ఎడమ వైపు ముందు తలుపు దగ్గర సోములు గుండ్రంగా రుద్దుతుంటే, అంతదాకా బరకం పట్టుకుని నిలబడ్డ నీలం రెయిన్‌కోటు మనిషి ఒకతను ఉండబట్టలేకపోయాడు.

"గుండ్రంగా కాదు, ఒకే వాటంగా రుద్దాల. వేళ్లతో నొక్కీకు, గీతలు పడతాయి. ఇటియ్యి," అని సోములు చేతిలో పేపరు లాక్కుని, బరకం అతనికిచ్చి, తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. అక్కడ కూర్చునే మిగతావాళ్లను కూడా అదిలించడం మొదలుపెట్టాడు. నీళ్లు చాలవని ఒకరిని, అంచుల దగ్గర నెమ్మదిగా అని మరొకరిని. ఎల్లాజీ అతని చెయ్యి చూశాడు. పని తెలిసిన చెయ్యి. ఎవరో రైతు బిడ్డ విశాఖపట్నంలో కార్ల పని చేసి వచ్చి ఉంటాడనుకున్నాడు.

రెండున్నరకి రుద్దడం అయిపోయింది. ఎల్లాజీ కారును లోపలికి తీసుకెళ్లి మళ్లీ మెరుపు పూత వేశాడు, మళ్లీ అరవై డిగ్రీలు పెట్టాడు. ఆ సేపంతా పెరట్లో ఒక్కరూ దగ్గలేదు. నాలుగింటికి పావుగంట తక్కువకి కారు బయటికి వచ్చింది. నలభై మంది మొహాలూ అందులో వరసగా కనిపించాయి. కొందరు తల దువ్వుకున్నారు.

ఇక రావలసింది ఇన్‌స్పెక్టరే. జగ్గమ్మ చీర మార్చుకుంది. సోములు వెళ్లి రోడ్డు మీద కాపలా నిలబడ్డాడు. నాలుగయింది. నాలుగూ పదయింది. విజయనగరం వైపు నుంచి వచ్చిన ప్రతి కారూ ఆగకుండా సాలూరు వైపు వెళ్లిపోతోంది. రాడేమో అని ఎవరో గొణిగారు. ఎల్లాజీ షెడ్డు మూలన మడతపెట్టి ఉన్న పాత టార్పాలిన్ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

"ఎవులి కోసం సూత్తన్నారు?" అని చేతులు తుడుచుకుంటూ అడిగాడు నీలం రెయిన్‌కోటు మనిషి.

"కంపెనీ ఇనస్పెట్టరు కోసం," అన్నాడు సోములు. "కార్లో వత్తాడు."

"కార్లో రాలేదు. పొద్దున్న కల్వర్టు కాడ నీళ్లొచ్చీసినాయంటే, ఇంకా పెరుగుతాయని బండి మీద ముందే వచ్చీసినాను. పన్నెండింటికే వచ్చీసినాను."

అతను రెయిన్‌కోటు విప్పాడు. చొక్కా మీద కంపెనీ బిళ్ల, దాని మీద ఉమాశంకర్ అని పేరు. జేబులో జగ్గమ్మ ఇచ్చిన అట్టముక్క. నంబరు పందొమ్మిది.

అందరూ జగ్గమ్మ వైపు తిరిగారు.

"ఏ ఊరు నాయినా అంటే గరివిడి అన్నాడు," అంది జగ్గమ్మ. "కారు సూడ్డానికొచ్చానన్నాడు. కారు తరవాత సూద్దువుగాని, ముందీ బరకం పట్టుకో అన్నాను. పట్టుకున్నాడు. ఇనస్పెట్టరైతే పట్టుకుంటాడేటి?"

రెండుసార్లు చెప్పబోయాననీ, మూడోసారి సోములు గుండ్రంగా రుద్దడం చూసి తనెందుకొచ్చానో మరిచిపోయాననీ ఎల్లాజీతో చెప్పాడు ఉమాశంకర్. అతను ఏడేళ్లు ఇదే పని చేసి ఇన్‌స్పెక్టరయ్యాడట. అయ్యాక నాలుగేళ్లుగా చేతికి కాగితాలే తప్ప వాటర్ పేపరు ఎవరూ ఇవ్వలేదట. అంతవరకూ చెప్పి కళ్లజోడు పెట్టుకున్నాడు, బ్యాగులోంచి టార్చి తీశాడు. వెంటనే వేరే మనిషైపోయాడు. ఉద్యోగం ఉద్యోగమేననీ, కంటికి కనిపించింది రాయక తప్పదనీ ముందే చెప్పేశాడు.

బానెట్ మీద వెలుతురు వేశాడు. ఏమీ లేదు. పైకప్పు మీద ఏమీ లేదు. డిక్కీ దగ్గర ముసలమ్మ వైపు గౌరవంగా చూశాడు. కుడి వైపు రెండు తలుపులూ అద్దాల్లా ఉన్నాయి. చుట్టూ తిరిగి ఎడమ వైపుకి వచ్చాడు. ముందు తలుపు పిడి కింద టార్చి ఆగిపోయింది. అక్కడ ఒక తాలు గింజ, కొసన ములుకుతో సహా, పూత కింద హాయిగా పడుకుని ఉంది.

"ఈ తలుపు ఎవులు రుద్దినారు?" అని ఇన్‌స్పెక్టరు గొంతుతో అడిగాడు ఉమాశంకర్.

నలభై మందీ అతని వైపే చూస్తున్నారు. ఉమాశంకర్ ఇంకోసారి వంగి ఆ గింజను చూసి, తన అరచేతిని చూసుకుని, టార్చి ఆర్పేశాడు.

అతను స్టూలు లాక్కుని రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. ఎల్లాజీ అతని వైపు చూడలేకపోయాడు. వెళ్లి బూత్ తలుపులు బార్లా తెరిచి, వేడిని నలభైకి దించి, సోములుకి గడ్డంతో సైగ చేశాడు. ఒకటో నంబరు బస్తాలు లోపలికి కదిలాయి. రాసింది సంతకం పెట్టేముందు చదివి వినిపించమంది జగ్గమ్మ. ఉమాశంకర్ గొంతు సవరించుకుని చదివాడు.

"బూత్ బాగుంది. పనివాళ్లందరూ మంచి అనుభవం ఉన్నవాళ్లు. కార్లు పంపవచ్చు. ఎడమ వైపు ముందు తలుపు మాత్రం ఎవరో కొత్తవాడి చేత చేయించినట్టున్నారు, ఇకముందు అటువంటివాళ్లను దగ్గరికి రానివ్వకూడదు."