మంచు పడని వీధికి దుప్పట్లు

బర్మాలోని యాంగోన్‌లో ఒక్క గజం కాంక్రీటు కూడా చలికి గడ్డకట్టి పాడవకూడదని రోడ్ల ఆఫీసు తీర్మానించింది. ఆ రోజు ఎండ ముప్పై ఎనిమిది డిగ్రీలు. పెద్దాఫీసరు మంచుదేశంలో పదిరోజులు శిక్షణ పొంది, అక్కడి రోడ్ల మాన్యువల్ వెంట తెచ్చారు. తెచ్చిన పుస్తకాన్ని వృథా చేసే మనిషి కారాయన.

పజుండౌంగ్ పేటలో కొత్త పేవ్‌మెంటు పని సూపర్‌వైజర్ సత్తిబాబు మీద పడింది. పోసిన కాంక్రీటుకు వారంపాటు దుప్పట్లు కప్పాలి. చుక్క నీరు పోయకూడదు, గడ్డకడుతుంది. సత్తిబాబు తాత తెలుగుదేశం నుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడి హార్బరులో తాపీమేస్త్రీ అయ్యాడు. తడపని సిమెంటు నెర్రెలిస్తుందని వాళ్ళింట్లో పిల్లికి కూడా తెలుసు. కానీ సత్తిబాబు పదకొండేళ్ళుగా టెంపరరీ. తెలిసినవన్నీ ఇంట్లో దిగబెట్టి ఆఫీసుకు వెళ్తాడు. ఈ పని రూలు ప్రకారం ముగిస్తే పర్మనెంటు చేస్తామన్నారు.

“అలాగే, సయా!” అన్నాడు. సయా అంటే అక్కడి ‘అయ్యగారు’.

ఫారంలో రోజూ ఐదు డిగ్రీల లోపు అంకె ఉండాలి. సత్తిబాబు నిజాయితీపరుడు, దొంగ అంకె వేయడు. థర్మామీటరును ఫలూదా కొట్టు ఐసుపెట్టెలో ఉంచి, చూసే వేశాడు.

మర్నాడు అతని భార్య సూర్యావతి, తన దోసెల బండి నిలిపే చోట దుప్పటి తీసి బిందెతో నీళ్ళు పోస్తూ కనిపించింది.

“ఏటే ఇది! పర్మనెంటు పోద్ది!”

“రేపు దీని మీదే కదా మావా నా బండెట్టాలి? నెర్రెలిస్తే చక్రం దిగిపోద్ది. నీ రూలు నా దోసెలు అమ్ముతాదేటి?”

సత్తిబాబుకు సిగ్గేసింది. అటూ ఇటూ చూసి, రెండో బిందె తనే నింపి ఇచ్చాడు.

ఎనిమిదో రోజు ఆఫీసరు దుప్పట్లు తీయించారు. వీధి పొడవునా పేవ్‌మెంటు అప్పడంలా పగిలింది. దోసెల బండి చోటు మాత్రం నున్నగా ఉంది.

“చలి ఎంత పని చేసిందో!” అని ఆఫీసరు చెమట తుడుచుకున్నారు. “మరి ఈ ముక్క?”

“నేనే రోజూ నీళ్ళు పోశాను, సయా,” అని సూర్యావతి గర్వంగా బర్మీస్‌లో చెప్పింది.

“చలిలో నీళ్ళా? పగలగొట్టండి! సత్తిబాబూ, ఇది నీకు తెలుసా?”

సూర్యావతి మొగుడి వంక చూసింది. మొగుడు ఫారం వంక చూశాడు.

“తెలీదు, సయా.”

నిబంధనలు పాటించినందుకు పర్మనెంటు ఆర్డరు ఆ వారమే వచ్చింది. ముక్కను పగలగొట్టించే బాధ్యతా అతనిదే. నలుగురు కూలీలకు రెండు రోజులు పట్టింది. సూర్యావతి బండి పక్కకు తోసుకుంది. కాంక్రీటు అంత గట్టిగా ఎందుకుందో రాయమని రిపోర్టులో ఒక గడి ఉంది. సత్తిబాబు చాలాసేపు ఆలోచించాడు. ‘చలికి గడ్డకట్టింది’ అని రాసి, పర్మనెంటు ఉద్యోగిగా తొలి సంతకం పెట్టాడు.