పురుగు పట్టని ఏడో నంబరు

ఆ ఉదయం తాబోత్ పెట్టుకున్న పని చాలా చిన్నది. మేనేజర్ మోలువా పామాయిల్ తోటకు వస్తాడు. పాత రకం చెట్టు గాటు తెరిస్తే ముక్కుపురుగు పిల్లలు బిలబిలా రాలాలి, తాను పెంచిన కొత్త రకం, ఏడో నంబరులో ఒక్కటీ ఉండకూడదు. అలా జరిగితే అతని ఉద్యోగం ఖాయం. లేకపోతే ఏడో నంబరుతో పాటు అతనూ తోట బయటే.

నెల కిందటే, పురుగులొచ్చి గుడ్లు పెట్టేలా, రెండు రకాలకీ గొడ్డలి గాట్లు పెట్టి వదిలాడు. పాత రకం మొద్దుకు చెవి ఆనిస్తే లోపల కరకర నమిలే చప్పుడు. తాబోత్‌కు అది సంగీతంలా ఉండేది. ఖర్మ కాలి, ఊరి నుంచి దిగిన అత్తగారు ఎపోసీ కూడా తెల్లారగట్ల ఆ సంగీతం వింది.

మోలువా వచ్చి పాత రకం గాట్లు తెరిపించాడు. అన్నీ ఖాళీ.

"వీటికీ పురుగు లేదు కదయ్యా. మరి నీ ఏడో నంబరు గొప్పేమిటి?"

ఇంతలో ఇంటివైపు నుంచి కమ్మటి వాసన. ఆయన ముందు కల్లు ముంత పెట్టి, ఒక్క ఉదుటున పరుగెత్తాడు. ఆ ప్రాంతంలో అందరూ లొట్టలేసుకుని తినే ఆ పురుగుల్ని అత్తగారు పుల్లలకు గుచ్చి నిప్పుల మీద తిప్పుతోంది.

"ఇవెక్కడివి అత్తయ్యా?"

"నీ తోటవే అల్లుడూ. అంత పెద్దాయనకి ఉత్త అరటికాయ పెడితే మన పరువేం కాను?"

"అవి చెట్లో ఉంటేనే నా పరువు. కొంప ముంచారు."

"దానికింత గోలెందుకు? బకెట్లో సగం బతికే ఉన్నాయి. నువ్వు ఆయన్ని కబుర్లలో పెట్టు, నేను మళ్లీ చెట్లలో సర్దేసి వస్తా."

సర్దేసింది. మోలువా ఈసారి ఏడో నంబరు గాటు తెరిస్తే దోసెడు పురుగులు జలజలా రాలాయి. తాబోత్ అత్తగారి వైపు తిరిగాడు.

"పరాయి చెట్లకెందుకు పెడతాను? మనవాటికే పెట్టా," అందావిడ గుసగుసగా.

మోలువా కాల్చిన పురుగుల పుల్ల ఒకటి ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "నీ రకం తోటకి పనికిరాదు. పండగ దాకా ఉండి, తర్వాత నీ దారి చూసుకో." మళ్లీ గొంతు తగ్గించి, "ఆ ఏడో నంబరు వరస మాత్రం పీకొద్దు. కొత్త గాట్లు పెట్టి నాకోసం అట్టే ఉంచు. క్రిస్మస్‌కి మా వాళ్లతో వస్తా," అన్నాడు.

తాబోత్ ఆ సాయంత్రమే అత్తగారిని బస్సెక్కించాడు.

క్రిస్మస్‌కు మోలువా చుట్టాలనీ బొగ్గుల పొయ్యినీ వెంటేసుకుని దిగాడు. ఒక్కో చెట్టూ తెరిచి చూశాడు, చీల్చి చూశాడు, ఆఖరికి చెయ్యి పెట్టి వెతికాడు.

"చుట్టాల ముందు పరువు తీసేశావు కదయ్యా. ఒక్క పురుగు లేదు. మీ అత్తగారు మింగేసిందా?"

"ఆవిడ ఊళ్లో ఉంది సార్. ఏడో నంబరుకి పురుగు పట్టదు. నేను మొదట్నుంచీ మొత్తుకునేది అదే."

మోలువా చాలాసేపు చెట్టునీ, ఖాళీ పొయ్యినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చేసేదేమీ లేక, తాబోత్ ఉద్యోగం ఖాయం చేశాడు.

పురుగు పట్టలేదన్న ఫిర్యాదు మీద పర్మనెంట్ అయిన మనిషి ఆ తోటలో ఇప్పటికీ అతనొక్కడే.