ఉమ్మడి బీరువా, ఒకే తాళంచెవి

ఫిబ్రవరి ఆరవ తేదీ, గురువారం, ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకు, నాలుగు డిగ్రీల చలిలో, నైరుతి నుంచి సన్నటి జల్లు వాలుగా కొడుతుండగా, మా జిల్లా ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న పోలీసు కమిషనర్ పెరెగ్రిన్ స్టోక్ గారు లిట్టన్‌హోప్ గ్రామ హాలులోకి వేంచేసి, తుపాకుల భద్రత చరిత్రలో కొత్త అధ్యాయం మొదలైందని ప్రకటించారు. హాలులో ఇరవై ముగ్గురం ఉన్నాం. గ్రామ కౌన్సిల్ గుమస్తాగా లెక్కపెట్టి రాసుకున్నదాన్ని నేనే కాబట్టి ఈ సంఖ్యలో పొరపాటు లేదు. జల్లు తగ్గాక పదహారుగురం మిగిలాం.

ఆ కొత్త అధ్యాయానికి మూలకారణం ఒక గోడ. హెస్టర్ గ్విలియం అనే అరవై ఎనిమిదేళ్ల వితంతువు మా ఊళ్లో నలభై రెండు గొర్రెలతో జీవనం సాగిస్తోంది. ఆమెకో జోడుగొట్టాల తుపాకి ఉంది, దానికి సర్టిఫికెట్ ఉంది. గొర్రెలు ఈనే రోజుల్లో కాకులు గుంపుగా దిగి, ఇంకా లేచి నిలబడని పిల్లల కళ్లు పొడుస్తాయి. తుపాకి అందుకు. అయితే ఆమె ఇల్లు నాలుగు వందల ఏళ్లనాటిది. కర్రచట్రాల మధ్య మట్టి మెత్తిన గోడలు. తుపాకుల బీరువాను బోల్టులతో బిగిస్తే గోడే బీరువాతోపాటు ఊడి వచ్చేలా ఉందని తనిఖీకి వచ్చిన అధికారి తేల్చాడు. పక్క పొలం ఆసామి ఇద్రిస్ ప్రాసర్‌ది రాతి ఇల్లు. అతనికీ సర్టిఫికెట్ ఉంది, బీరువాలో చోటూ ఉంది. ఇద్దరూ లైసెన్సుదారులే గనుక ఒకే బీరువా వాడుకోవడానికి చట్టం అడ్డురాదు. తలా ఒక తాళంచెవి ఉంచుకున్నారు. రెండేళ్లు గడిచాయి. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.

చెప్పుకోదగ్గది ఏమీ జరగని చోటును కనిపెట్టి, అక్కడ ఏదో ఒకటి జరిపించడంలోనే నాయకత్వ ప్రతిభ ఉంటుంది. మే నెలలో ఎన్నికలు.

"రెండు తుపాకులకు ఒకే బీరువా. అంటే ప్రమాదం సగానికి తగ్గింది!" అన్నారు స్టోక్ గారు. "కానీ ఒక బీరువాకు రెండు తాళంచెవులేమిటి? తగ్గిన ప్రమాదం మళ్లీ రెట్టింపు కాలేదూ? నేటి నుంచి ఉమ్మడి భద్రతా పథకం కింద ఒక బీరువా, ఒకే తాళంచెవి, ఒకే సంరక్షకుడు!"

చప్పట్లు మోగాయి. హెస్టర్ లేచి నిలబడింది.

"మరి ఆ సంరక్షకుడు ఇంట్లో లేకపోతే నా గతేంటండీ?"

"చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా," అని కమిషనర్ గారు చిరునవ్వు నవ్వి, తరువాతి అంశానికి వెళ్లారు.

తరువాతి అంశం హెస్టర్ తాళంచెవిని వేదికమీద రెండు ముక్కలు చేయడం. స్టోక్ గారు స్వయంగా కోటు విప్పి, పొడవు పిడుల కత్తెర పట్టుకున్నారు. మూడో ప్రయత్నంలో అది తెగింది, ఫొటో మాత్రం మొదటి ప్రయత్నానిదే బాగా వచ్చింది. ఇద్రిస్‌కు సంరక్షకుడి బిళ్ల తగిలించి, తొమ్మిది నిబంధనల కాగితం అందజేశారు. ఏడో నిబంధన ఇది: "తాళంచెవి ఉన్న చోటును సర్టిఫికెట్ లేని ఏ వ్యక్తికీ తెలియనివ్వరాదు, రాతలో పెట్టరాదు."

ఇద్రిస్ డెబ్బై నాలుగేళ్లవాడు. చెవుడు. చదివిన ప్రతి నియమాన్నీ పాటించే మనిషి. రోడ్డు మీద మరో బండి కనిపించని రోజున కూడా మలుపు దగ్గర ట్రాక్టర్ ఆపి, ముప్పై లెక్కపెట్టి కదులుతాడు. స్టోక్ గారు వంద ఊళ్లు గాలించినా ఇంతకంటే తగినవాడు దొరికేవాడు కాదని నా అభిప్రాయం.

మార్చి పదకొండున, తొలి గొర్రె ఈనిన మూడో రోజున, ఇద్రిస్ పశువుల కొట్టం మెట్ల మీద మంచుకు జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్సు వచ్చి జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయింది. తాళంచెవి ఎక్కడుందో తెలిసిన ఏకైక బుర్ర ఆ విధంగా పద్దెనిమిది మైళ్ల దూరం వెళ్లిపోయింది.

పదమూడున హెస్టర్‌ను నా కారులో ఆసుపత్రికి తీసుకువెళ్లాను. అప్పటికి మూడు గొర్రెపిల్లలు పోయాయి. ఆరు మంచాల వార్డు. ఇద్రిస్ కిటికీ పక్కన ఉన్నాడు.

"ఎలా ఉన్నావయ్యా ఇద్రిస్? తాళంచెవి ఎక్కడ పెట్టావ్?" అంది హెస్టర్ ఒకే ఊపిరిలో.

"ఏంటీ?"

"తాళంచెవి!"

ఇద్రిస్ వార్డు నలుమూలలా చూశాడు. "ఇక్కడ ఎలా చెబుతానే? అందరూ ఉన్నారుగా."

"చెవిలో చెప్పు."

"నాకు వినపడేంత గట్టిగా చెబితేగానీ చెప్పానో లేదో నాకే తెలీదు. అంత గట్టిగా చెబితే కింద వంటగదిలోకి కూడా వినిపిస్తుంది."

"కాగితం మీద రాసివ్వు, చదివి ఇక్కడే చింపేస్తా."

"రాయకూడదు. ఏడో నిబంధన."

పక్క మంచం మీది ట్రాంటర్ అనే ప్లంబరు పెద్దమనసుతో కలగజేసుకున్నాడు. "చెప్పెయ్ పెద్దాయనా, నేను చెవులు మూసుకుంటాలే."

"మూసుకున్న చెవులకి సర్టిఫికెట్ ఉందా?"

"లేదనుకో."

"మరి?"

"నా గొర్రెపిల్లలు చస్తున్నాయి, మొండిఘటమా!" అని హెస్టర్ మంచం కమ్మీ పట్టుకుని ఊపింది. "ఇవాళ పొద్దున్న పోయినదానికి రెండు కళ్లూ లేవు. తల్లి ఇంకా నాకుతూనే ఉంది దాన్ని."

ఇద్రిస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతనూ గొర్రెలు కాచిన మనిషే. "నన్ను బయటికి తీసుకుపోండే. మనిషి లేని చోట చెబుతా," అన్నాడు. నర్సును అడిగాం. పడిపోయే ప్రమాదం ఉన్న రోగిని సిబ్బంది తోడు లేకుండా కదిలించకూడదంది. ఆమెకు సర్టిఫికెట్ లేదు. ఆమె నిబంధన ఆమెది, అతని నిబంధన అతనిది. రెండింటిలోనూ నేను తప్పు పట్టలేకపోయాను.

ఈ సంగతి లైసెన్సుల అధికారి బఫ్టన్‌కు ఫోనులో చెప్పాను. ఆయన పదిహేడున, నోటుపుస్తకంతో, స్వయంగా ఆసుపత్రికి వచ్చాడు. మేమూ వెళ్లాం. అప్పటికి ఏడు పిల్లలు.

"మిస్టర్ ప్రాసర్, నాకు చెప్పండి. సర్టిఫికెట్లు ఇచ్చేది నేనే."

"ఇచ్చేది మీరే అనుకోండి. మీకుందా?"

"నాకెందుకండీ? నేను తుపాకి వాడను."

"మరైతే ఎలా చెప్పమంటారు? రేపు మీరే వచ్చి, లేనివాడికి ఎందుకు చెప్పావయ్యా అని నన్ను నిలదీస్తారు."

బఫ్టన్ చాలాసేపు ఆలోచించి, "అవును, నిలదీస్తాను," అని ఒప్పుకున్నాడు. తరువాత నోటుపుస్తకంలో 'గోప్యత: అత్యుత్తమం' అని రాసుకున్నాడు.

"అయితే బీరువా కోయించేయండి," అంది హెస్టర్.

"కోస్తే అది భద్రమైన బీరువా కాదు కదమ్మా. భద్రం కాని బీరువాలో మీ తుపాకి ఉండకూడదు. పెట్టుకోవడానికి మీకు వేరే బీరువా లేదు. అప్పుడు మీ సర్టిఫికెట్ నిలిపివేయాలి. అసలే జూన్‌లో మీ పునరుద్ధరణ ఉంది."

"అంటే బీరువా మూసి ఉన్నంతకాలం నాకు తుపాకి ఉన్నట్టు, తెరిస్తే లేనట్టు. అంతేనా?"

"ఇంత స్పష్టంగా అర్థం చేసుకున్న దరఖాస్తుదారును నేను చూడలేదు," అన్నాడు బఫ్టన్ మనస్ఫూర్తిగా.

ఈలోగా గణాంకాలు కమిషనర్ గారి కార్యాలయానికి చేరాయి. పథకం మొదలైన నాటి నుంచి లిట్టన్‌హోప్‌లో తుపాకి దుర్వినియోగం సున్నా. వినియోగం కూడా సున్నాయే గానీ, దానికి పట్టికలో గడి లేదు. ఇరవై ఒకటో తేదీన స్టోక్ గారు ఫొటోగ్రాఫరుతో, మా వారపత్రిక విలేఖరితో, పూలగుత్తితో ఆసుపత్రికి బయలుదేరారు. ఆయనకు సర్టిఫికెట్ ఉంది. ప్రతి నవంబరులోనూ నెమళ్లంత బలిసిన ఫెజెంట్ పక్షులను కొడతారు.

రహస్యం గౌరవించబడాలని ఆయన ఆజ్ఞాపించారు. ఐదు మంచాలను మనుషులతో సహా వరండాలోకి తోయించారు. ట్రాంటర్ ద్రవం ఎక్కుతున్న సీసా స్టాండును తనే పట్టుకుని, "రాణిగారి కిరీటం కూడా ఇంత భద్రంగా ఉండదర్రా," అనుకుంటూ వెళ్లాడు. తలుపులు మూశారు. కమిషనర్ గారి పూచీ మీద నర్సు కూడా బయటికి వచ్చింది. ఇద్రిస్ గొంతు వినబడకుండా ఆమె వరండాలో రేడియో పెద్దది చేసింది. నాలుగు నిమిషాల తరువాత స్టోక్ గారు చెమర్చిన కళ్లతో బయటికి వచ్చారు.

"చెప్పాడా?" అని హెస్టర్ ఎదురెళ్లింది.

"చెప్పాడమ్మా! నాకు చెప్పాడు! ఎంత నమ్మకం! ఈ దేశం ఇలాంటివాళ్ల భుజాల మీదే నిలబడి ఉంది."

"ఎక్కడుందండీ?"

"ఇక్కడా? ఇంతమందిలోనా?" ఆయన నొచ్చుకున్నారు.

"అయితే పక్కకు రండి."

"నాకు పదకొండున్నరకు మరో ఊళ్లో సభ ఉంది. మీకు అధికారికంగా తెలియజేస్తాం."

హెస్టర్ శనివారం ఫోన్ చేసింది, సోమవారం చేసింది, మంగళవారం రెండుసార్లు చేసింది. ఫోను సురక్షితమైన సాధనం కాదని కార్యాలయం ప్రతిసారీ మర్యాదగానే చెప్పింది. ఉత్తరం రాతలోకి వస్తుంది గనుక ఏడో నిబంధన ఒప్పుకోదు. అప్పటికి పదకొండు పిల్లలు పోయాయి. చేతిలో పళ్లెం, గరిటె పట్టుకుని, పొలంలో చప్పుడు చేసుకుంటూ ఆమె పగలంతా తిరిగేది. కాకులు మొదటి రోజు ఎగిరిపోయాయి. రెండో రోజు కాస్త పక్కకు జరిగాయి. మూడో రోజు నుంచి ఆమెను పట్టించుకోలేదు.

ఇరవై ఏడు, గురువారం. వారపత్రిక ఉదయం ఆరింటికే అంగడికి వచ్చింది, కానీ నేను కొన్నది మధ్యాహ్నం ఒంటిగంటకు. మొదటి పేజీలో ఇద్రిస్ ఇంటి ఫొటో, ఆ ఇంటికి వెళ్లే సందు పేరు, పక్కన స్టోక్ గారి వ్యాసం. అందులో ఒక పేరా ఇక్కడ దించుతున్నాను.

"నిజమైన భద్రత ఉక్కులో లేదు, మనిషి బుద్ధిలో ఉంది. వంటగది పై అరలో, ప్రాసర్ గారి కీర్తిశేషురాలైన భార్య పదహారేళ్ల కిందట పెట్టిన వాల్‌నట్ ఊరగాయ సీసాలో, ఆ నల్లటి పులుపునీళ్ల అడుగున తాళంచెవిని దాచాలని ఎవరికి తోస్తుంది? ఆ చోటును ఏ దొంగా కలలోనైనా ఊహించలేడని నేను హామీ ఇస్తున్నాను."

హెస్టర్‌కు అధికారికంగా తెలియజేస్తామన్నది ఇదేనా, లేక ఇది వేరా అన్నది నేను ఇప్పటికీ నిర్ధారించలేదు. పత్రిక తీసుకుని పొలానికి వెళ్లాను. ఆమె ఆ పేరాను నిలబడే చదివి, ఇద్రిస్ ఇంటివైపు నడిచింది. వెనక తలుపు తీసే ఉంది. మా ఊళ్లో వెనక తలుపులకు తాళాలు వేసే అలవాటు లేదు. వంటగది ఎప్పటిలా శుభ్రంగా ఉంది. సీసా పై అరలో, పేరు చీటీ ఎదుటికి తిప్పి, మూత బిగించి ఉంది. హెస్టర్ మోచేతి దాకా చొక్కా మడిచి, వేళ్లు ముంచి తాళంచెవి తీసింది. ఊరగాయను ఎవరూ ముట్టినట్టు లేదు. బీరువాకు తాళం వేసే ఉంది.

తెరిచింది.

"పెద్దమనుషులే," అంది హెస్టర్ ఖాళీ బీరువాలోకి చూస్తూ. "మళ్లీ తాళం వేసి వెళ్లారు."

విచారణ జరిగింది. బీరువా చెక్కుచెదరలేదు, గోడ చెక్కుచెదరలేదు, తాళం పగలలేదు. సంరక్షకుడు సర్టిఫికెట్ లేని ఎవ్వరికీ ఒక్క ముక్క చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. కాబట్టి ఉమ్మడి భద్రతా పథకంలో ఏ నిబంధనా ఉల్లంఘన జరగలేదని, తుపాకులు లేకపోవడం పథకం పరిధిలోకి రాదని నివేదిక తేల్చింది. మే నెలలో స్టోక్ గారు మునుపటికంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు.

ఇద్రిస్ ఏప్రిల్ నెలాఖరున చేతికర్రతో ఇంటికి వచ్చాడు. అతను మొట్టమొదట హెస్టర్‌ను అడిగిన మాట నేను విన్నాను.

"నువ్వు ఎవరికీ చెప్పలేదు కదా?"

"లేదయ్యా," అంది హెస్టర్. "నాకు తెలిస్తేగా."

జూన్‌లో బఫ్టన్ పునరుద్ధరణ తనిఖీకి వచ్చాడు. దరఖాస్తుదారు వద్ద ఉన్న తుపాకులు ఎన్ని, వాటికి తగిన భద్రత ఉందా అన్నది ఆయన నింపవలసిన గడి. హెస్టర్ ఇంటి మట్టిగోడను వేలితో తట్టి చూసి, లేని తుపాకికి ఈ గోడ సరిపోతుందని నిర్ణయించి, 'భద్రత: సంతృప్తికరం' అని రాసి, ఐదేళ్లకు సర్టిఫికెట్ ఇచ్చాడు. టీ ఇస్తే తాగి, బిస్కట్లు బాగున్నాయన్నాడు.

గొర్రెలను హెస్టర్ ఆ సెప్టెంబరులోనే అమ్మేసింది. ఐదేళ్ల తరువాత ఆమె సర్టిఫికెట్ మళ్లీ పునరుద్ధరించారు. ఈసారి తనిఖీకి ఎవరూ రాలేదు.