కాశీరావు కింద సముద్రం పల్లం

గరికిన కాశీరావు పడవ ఎటు వెళ్తే అటు సముద్రం జానెడు కిందికి దిగుతోందని ఉపగ్రహం వరసగా మూడు నెలలు నమోదు చేసింది.

సముద్రం అడుగున రాయి తేలికైతే అక్కడ భూమి ఆకర్షణ తగ్గుతుంది, పైన నీరు కాస్త పల్లమవుతుంది. అలాంటి చోట చమురు దొరకవచ్చు. పద్ధతి పాతదే. ఈ పల్లం మాత్రం కాకినాడ తీరంలో చేపలు పడే వైపుకల్లా తిరిగి, ఆదివారాలు ఒడ్డున ఆగేది. అన్వేషణ కార్యాలయం దీన్ని పొరపాటు అనుకోలేదు. పరికరం కొత్తది.

శాస్త్రవేత్త వైజయంతి వచ్చేసరికి కాశీరావు వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె అతని పక్కన బేసిన్‌లో నీళ్లు పెట్టించింది. నీరు అతనివైపు పల్లంగా వాలింది.

"చిన్నప్పట్నించీ ఇంతేనండి. మా ఆవిడ ఎంత పోసినా నా గ్లాసులో టీ తక్కువగానే కనపడుద్దండి," అన్నాడు కాశీరావు.

ఆమె అదీ రాసుకుంది. వారంలో అతన్ని చమురు తవ్వే పద్నాలుగో నంబరు బ్లాకుగా ప్రకటించారు. బ్లాకుకు అయిదువందల మీటర్ల లోపల వేట నిషిద్ధం గనుక, కాశీరావు తనకు ఆ దూరం పాటిస్తూ చేపలు పట్టుకోవచ్చని నోటీసు ఇచ్చారు. అతను రెండు రోజులు ప్రయత్నించాడు. మూడో రోజు నుంచి తన చుట్టూ వేసిన కంచె లోపల కుర్చీలో కూర్చున్నాడు. భార్య నీలవేణికి అన్నం తెచ్చేందుకు పాసు ఇచ్చారు.

"ఇన్నేళ్లకి నాలో ఏదో ఉందన్నారే," అన్నాడు ఆమెతో. కొంచెం గర్వంగానే ఉన్నాడు.

స్కూలు ఆవరణలో తవ్వకం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కాశీరావు చెయ్యెత్తాడు. బ్లాకు మాట్లాడే వీలు నిబంధనల్లో లేదు. నీలవేణి లేచింది.

"తవ్వితే మనిషేమైపోతాడండి?"

"నమోదు చేశామమ్మా," అన్నాడు అధికారి. వైజయంతి తల దించుకుని పటం మడతపెట్టింది.

సోమవారం యంత్రాలు వచ్చాయి. బ్లాకు మీద ఆధారపడి బతుకుతున్న మనిషిగా నీలవేణికి తీరం నుంచి ముప్పై కిలోమీటర్ల లోపలికి ఉన్న పునరావాస కాలనీలో ఇల్లిచ్చారు. మర్నాడు ఆమె బిందె పట్టుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్లింది. అప్పటికే నీళ్లు పడుతున్న పక్కింటావిడ ఆమెను ఎగాదిగా చూసింది.

"మీ ఇంట్లో ఎవరు?"

"మా ఆయనండి. చమురంట. మరి మీది?"

"మా అత్తగారు. బొగ్గు," అని ఆవిడ నీలవేణికి చోటిస్తూ తన బిందె కాస్త పక్కకు జరిపింది.